సింహాసనం కోరిన ప్రేమలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే రకం కథల గురించి అడుగుతున్నాయి. మంత్రం, శాపం, రాజ్యకాంక్ష, వాటి మధ్య చిక్కుకున్న ప్రేమ, మంచివాడో చెడ్డవాడో తేల్చి చెప్పలేని నాయకుడు, అతడికి ఏమాత్రం తీసిపోని నాయిక. పిల్లలు వీటిని డార్క్ ఫాంటసీ రొమాన్స్ అంటున్నారు. నేను మాంత్రిక ప్రేమకథలు అంటాను. ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా, అటు మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డున సిరొంచలో కూడా మన తెలుగువాళ్లు ఈ కథలను చదవడమే కాక స్వయంగా రాస్తున్నారని తెలిసి సంతోషించాను. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక కళాశాల విద్యార్థిని): నా కథానాయిక పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. సింహాసనం కోసం ఒక మాంత్రిక రాజుతో ఒప్పందం చేసుకుంటుంది. అతడిని ప్రేమిస్తుంది, అవసరమైతే మోసగించడానికీ వెనుకాడదు. చదివిన స్నేహితురాళ్లందరూ ఈ అమ్మాయి మీద జాలి కలగడం లేదు, కాస్త మంచిదాన్ని చెయ్యి అంటున్నారు. మార్చమంటారా?

జవాబు: మార్చవద్దమ్మా. ఆమెను మంచిదాన్ని చేస్తే మీ కథే పోతుంది. పాఠకులకు నాయిక మీద జాలి కలిగి తీరాలని ఎక్కడా లేదు; ఆమెకు ఏం కావాలో, ఎందుకు కావాలో ఆమెతో సమానంగా తెలిస్తే చాలు. మీరు పంపిన మూడు అధ్యాయాలూ శ్రద్ధగా చదివాను. "నాకు సింహాసనం కావాలి" అని ఆమె చాలాసార్లు అంటుంది గాని, ఆ సింహాసనం ఆమె కంటికి ఎలా కనబడుతోందో ఒక్కసారైనా చెప్పదు. రాజ్యం అనేది చాలా పెద్ద మాట, ఎవరి కోరికైనా అందులో ఇమిడిపోతుంది. నేతవాళ్ల వీధిలో పుట్టిన పిల్లకు అంతకన్నా చిన్నదీ, పదునైనదీ ఒకటి ఉండాలి. ఇంటిల్లిపాదీ కష్టపడి నేసిన చీరను షావుకారు పరుపు మీద కూర్చునే మడత విప్పి, అంచున గుడి శిఖరాల్లా లేచే ఫోడా కుంభంలో ఒక్క పోగు పక్కకు జరిగిందని వేలితో చూపించి కూలి తగ్గించినప్పుడు, చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడిన తండ్రిని ఆ పిల్ల ఏడేళ్ల వయసులో చూసిందనుకోండి. ఆమెకు సింహాసనం అంటే తన వాళ్లెవరూ ఇక నిలబడనక్కరలేని చోటు అవుతుంది. ఆ సంగతి తెలిసిన పాఠకుడు ఆమె చేసేది తప్పని ఎరిగి కూడా పుస్తకం మూయలేడు.

తప్పుల వరుస విషయంలో మీరు తొందరపడ్డారు. మొదటి అధ్యాయంలోనే ఆమె చేత హత్య చేయించారు. మొదటి తప్పు, ఆ స్థితిలో ఉంటే మనమూ చేసి ఉండేవాళ్లమే అనిపించేటంత చిన్నదిగా ఉండాలి. ఒక అబద్ధం చాలు, లేదా ఎవరికో అందవలసిన ఉత్తరాన్ని ఒక రాత్రి తన దగ్గర ఆపుకోవడం చాలు. రెండో తప్పు మొదటిదాన్ని దాచడానికి జరగాలి, మూడోది రెండోదాని వల్ల కలిగిన లాభం చేజారకుండా చూసుకోవడానికి జరగాలి. పడుగులో పోగు తెగితే ముడివేసి, నాడె ఆడిస్తూ సాగిపోయే పనివాడికి ఆ ముడి అప్పటికి కనిపించదు. చీర మగ్గం దిగి వెలుగులో పరుచుకున్న రోజున ఎన్ని చోట్ల ముడివేశాడో అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మీ కథలో చీర పరిచే ఘట్టం ఏదో ముందే నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ ముళ్లు వేయండి.

ఇక ప్రేమ సంగతి. మీరు ఆశయాన్ని ఒక అధ్యాయంలో, ప్రేమను మరో అధ్యాయంలో పెట్టారు. రాజు ఎదురుపడగానే ఆమె వేరే మనిషై మెత్తబడిపోతోంది. అలా కాకుండా, ఆమె ఆశను చూసి భయపడని మొట్టమొదటి మనిషి అతడే కావడం వల్ల ఆమె అతడిని ప్రేమించాలి. ఇంట్లో తల్లి ఆ ఆశకు దిష్టి తీసింది, ఊరు నవ్వింది, అతడు మాత్రం ఆమె ఎదుట కూర్చుని "ఎంత కావాలి?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ప్రేమా పుడుతుంది, ద్రోహానికి దారీ పడుతుంది, ఎందుకంటే ఆమె ఎంతవరకు వెళ్లగలదో అతడికి మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా ఆమెను దగ్గర ఉంచుకున్నాడంటే అతడికి ఆమె వల్ల కావలసింది ఏమిటో మీరు పాఠకుడికి చెప్పాలి. అది చెప్పనంతవరకు అతడు నల్లబట్టలు కట్టుకున్న అందగాడుగానే మిగిలిపోతాడు.

మంత్రానికి ఖరీదు కూడా పెట్టండి, ఆ ఖరీదు ఆమే చెల్లించాలి. ఈ రకం కథల్లో నాకు నిజంగా బాధ కలిగించే లోపం ఇదే: నాయిక శక్తి కోసం దాసీలు, సైనికులు, ఊళ్లకు ఊళ్లు కాలిపోతాయి, ఆమె మాత్రం మేడ మీద నిలబడి కన్నీరు పెట్టుకుంటుంది. ఆమె మంత్రం పలికిన ప్రతిసారీ తనకు చేతనైన ఒక నేత పని చేతుల్లోంచి పోతుందని పెట్టి చూడండి. మొదట ఒక బుటా మరచిపోతుంది, తర్వాత అంచు కలపడం, ఆ తర్వాత పోగుకు ముడి వేయడం. రాణి అయ్యాక ఒక రాత్రి రహస్యంగా పుట్టింటికి వచ్చి తండ్రి మగ్గం మీద కూర్చుంటే, ఆ చేతులకు ఏమీ గుర్తు ఉండదు. అప్పుడు ఆమె మంచిదా చెడ్డదా అని మీ స్నేహితురాళ్లు అడగరు.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు): క్రూరత్వాన్నీ ప్రేమనూ కలిపి రాసే ఈ కథలు పడమటి దేశాల నుంచి వచ్చిన మోజు కాదా? మన సాహిత్యంలో నాయకుడు ధీరోదాత్తుడుగా ఉండేవాడు కదా?

జవాబు: మాస్టారూ, మీ ఆందోళనను గౌరవిస్తున్నాను, కానీ మీ మాటతో ఏకీభవించలేను. మీరు తరగతిలో చెప్పే ఉంటారు, 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయాన్ని ఒకసారి తలచుకోండి. నలకూబరుడి మీద మనసుపడిన కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. అటు మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. చివరకు ఆ వేషధారులిద్దరూ ఒకరికొకరు దొరుకుతారు. ఇద్దరూ మోసగించారు, ఇద్దరూ మోసపోయారు, అయినా వాళ్ల కోరికలో అబద్ధం లేదు. పూర్తిగా మంచి అనీ, పూర్తిగా చెడు అనీ ఆ ఇద్దరిని ఏ గంపలో వేస్తారు?

కావ్యాల దాకా పోనక్కరలేదు. మా అరుగు మీద అమ్మమ్మ చెప్పిన బాలనాగమ్మ కథలో ప్రాణం చిలకలో దాచుకున్న మాయల ఫకీరు పేరు వినగానే పిల్లలమందరం కాళ్లు పైకి తీసుకునేవాళ్లం. కానీ నన్ను అప్పటి నుంచి వెంటాడింది అతడి ప్రియురాలు సంగు. ఆమె మాంత్రికుడితో ఉన్నది, అతడు మరొక స్త్రీ కోసం పడుతున్న యాతనను కళ్లారా చూస్తున్నది, ఆ స్త్రీని ద్వేషిస్తున్నది. ఆమె వైపు నుంచి ఆ కథ చెప్పమంటే అమ్మమ్మ ఊరుకునేది కాదు. ఇప్పటి పిల్లలు ఆ సంగును గుమ్మం అవతలి నుంచి లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మాట్లాడమంటున్నారు. నాకు అది సాహిత్యం చేయవలసిన పనిగానే కనిపిస్తున్నది.

వేషం అనే ఊహ కూడా మనకు పరాయిది కాదు. రెండేళ్లకొకసారి బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్రకు మొక్కుకున్నవాళ్లు పులిగా, దేవతగా, రాజుగా వేషాలు కట్టి వీధుల్లో తిరగడం మీరు చూసే ఉంటారు. అక్కడ వేషం మోసం కాదు, చెల్లించవలసిన మొక్కు. మొక్కు తీరాక కూడా వేషం విప్పడానికి మనసొప్పని ఒక మనిషిని ఊహించండి. మీరు భయపడుతున్న ఆ కథ అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక యువకుడు): మా చుట్టూ ఉన్న సవర కొండల్లో నా నవలను నడపాలని ఉంది. అడవిలో చేతబడి చేసే ఒక కొండజాతి మంత్రగత్తె, ఆమె దగ్గర విద్య నేర్చి మైదానంలో రాజ్యం గెలవాలనుకునే రాజకుమారుడు, వాళ్ల మధ్య ప్రేమ. ఆమెను దుష్టశక్తిగా చూపించవచ్చా?

జవాబు: బాబూ, ఈ ఒక్క విషయంలో మీకు గట్టిగా వద్దు అని చెప్పవలసి వస్తున్నది, కారణం కూడా వివరంగా చెబుతాను. మనం ఉంటున్న జిల్లాల్లో చేతబడి అనేది పుస్తకంలో మాత్రమే ఉండే మాట కాదు. ఊళ్లో ఒక పిల్లవాడికి జ్వరం వచ్చినా, ఒక ఆవు చచ్చినా, ఒంటరిగా ఉంటున్న ఒక ముసలామె మీదో, మందు మాకు తెలిసిన ఒక మనిషి మీదో అనుమానం పడి, అది ఆ మనిషి ప్రాణం తీసేదాకా పోయిన సంఘటనలను మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని నిరోధిస్తూ ఒడిశా 2013లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 20న పుణెలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్యకు గురైన తర్వాత, మహారాష్ట్ర కూడా నరబలి, క్షుద్రపూజల వంటి దురాచారాల మీద చట్టం తెచ్చింది. ఇలాంటి నేల మీద నిలబడి, పేరున్న ఒక జాతి స్త్రీని చేతబడి చేసే దుష్టురాలిగా అందంగా వర్ణిస్తే, ఆ వర్ణన పుస్తకం దాటి ఎవరి గుమ్మం దాకా వెళుతుందో మీ చేతిలో ఉండదు.

పైగా మీరు చీకటిని వెతుకుతున్న చోట ఉన్నది చీకటి కాదు. సవరల సంప్రదాయంలో చనిపోయినవారు వెంటనే దూరమైపోరు. పూనకంలో వారిని పలికించే కుడాన్ అనే పూజారి నోట పలుకుతారు, బతికున్నవారితో వాదిస్తారు, అలుగుతారు, ఊరడిస్తే ఊరుకుంటారు. కుడాన్ పని చేసే స్త్రీలలో కొందరికి పాతాళలోకంలో ఒక భర్త ఉంటాడని, అక్కడ పిల్లలు కూడా పుడతారని నమ్ముతారు. ఆ పాతాళ భర్త తరచు తమను ఏలిన రాజుల, దొరల వంశానికి చెందినవాడై ఉంటాడు. పైన పన్ను కట్టించుకున్నవాడు కింద అల్లుడై కూర్చోవడం ఎంత లోతైన ఊహో చూడండి. ఇది దుష్టశక్తి కథ కాదు, దుఃఖంతో ఒక సమాజం శతాబ్దాలుగా జరుపుతున్న సంభాషణ. దీన్ని అలాగే ఎత్తి మీ నవలలో పెట్టుకోమని కూడా నేను అనను. అది వాళ్లు పవిత్రంగా చూసుకునేది. మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి ఆ భాషను సవరల నోట విని నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని అచ్చువేయించారు. 1936లో మంగెయి గొమాంగో ఆ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపినే తయారుచేశారు. సవరల గురించి రాయాలని మీకు నిజంగా ఉంటే, ముందు వాళ్లలో ఎవరితోనైనా కూర్చుని, రాసింది చదివి వినిపించి, తప్పు అన్నచోట దిద్దుకోవాలి. అంత ఓపిక లేకపోతే జాతి పేరును వదిలిపెట్టి, మీ సొంత లోకాన్ని, మీ సొంత పేర్లతో, మీ సొంత నియమాలతో కట్టుకోండి.

అలా కట్టుకున్నప్పుడు చీకటిని కొండ మీద కాకుండా కోటలో పెట్టండి. ఈ ప్రాంత చరిత్ర మీకు ఏ రాక్షస గ్రంథమూ ఇవ్వలేనంత ఇస్తుంది. కొరాపుట్ ప్రాంతంలో గోతి అనే పద్ధతి ఉండేది. పెళ్లి ఖర్చుకో, జరిమానాకో కొద్దిపాటి అప్పు చేసిన మనిషి ఆ అప్పు కింద షావుకారుకు పనివాడైపోయేవాడు. చేసిన పని వడ్డీకి చెల్లిపోతూ అసలు అలాగే ఉండిపోయేది, తండ్రి తర్వాత కొడుకు వచ్చి నిలబడేవాడు. 1948లో ఒడిశా ప్రభుత్వం ఈ రుణ దాస్యాన్ని రద్దు చేస్తూ నిబంధన చేసింది. 1976లో దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది. ఇప్పుడు మీ రాజకుమారుడి సంగతి చూడండి. అతడి కోటలో వెలిగే మంత్రదీపానికి చమురు ఆ ఖాతా పుస్తకంలోంచి వస్తున్నదని, అప్పు తీరని ప్రతి పేరూ దీపానికి ఒక రాత్రి ఆయుష్షు ఇస్తుందని పెట్టండి. నాయిక కొండ మీది మంత్రగత్తె కానక్కరలేదు. ఆ పుస్తకంలో తన తాత పేరు ఉన్న ఒక పిల్ల, లెక్కలు నేర్చి, కోటలో గుమస్తాగా చేరవచ్చు. ఆమెకు ఆ పేరు కొట్టివేయాలని ఉంది. ఆ తర్వాత కలం తన చేతికి వచ్చాక, పుస్తకం మొత్తం తనదే కావాలని కూడా ఉంది. రాజకుమారుడు ఆమెను ప్రేమిస్తాడు, పేరు కొట్టివేస్తే దీపం ఒక రాత్రి తగ్గుతుందని అతడికి తెలుసు. ఎవరు ఎవరిని ఎక్కడ వదిలేస్తారో చూడాలని నాకే ఆత్రంగా ఉంది. మీరు రాయండి.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక గృహిణి): ఈ కథల్లో నాయకుడు నాయికను బంధిస్తాడు, బాధపెడతాడు, చివరకు ప్రేమగా మారతాడు. అవి చదువుతుంటే నాకు ఇష్టంగా ఉంటుంది, తర్వాత సిగ్గుగా ఉంటుంది. ఇది తప్పా?

జవాబు: సోదరీ, చదివి ఇష్టపడినందుకు సిగ్గుపడవద్దు. మనల్ని తప్ప మరి దేన్నీ కోరనంత తీవ్రంగా ఒకరు కోరుకుంటున్నారనే ఊహ అందరికీ హాయిగానే ఉంటుంది, రోజంతా అందరి అవసరాలూ చూసే ఇల్లాలికి మరీను. అయితే చదివేటప్పుడు రెండు విషయాలు గమనించండి. నాయిక తలుపు తెరిచి వెళ్లిపోగలిగిన ఘట్టం కథలో ఒక్కటైనా ఉన్నదా? ఉండి, అన్నీ తెలిసి ఆమె వెనక్కి తిరిగి వచ్చిందంటే అది ఆమె నిర్ణయం, అందులో ఎంత చీకటి ఉన్నా అది ఇద్దరి కథ. అలాంటి తలుపే లేకుండా, భయం కాలక్రమంలో ప్రేమగా మారిందని చెబితే, రచయిత బందిఖానాకు పందిరి వేసి పెళ్లి అంటున్నారు. రెండోది, అతడు చేసిన దానికి అతడు ఏం పోగొట్టుకున్నాడు? పశ్చాత్తాపం చెప్పే ఒక పేజీ చాలదు. పరివర్తన ఉచితంగా దొరికిన నాయకుడిని నేను నమ్మను. ఈ రెండూ లేని పుస్తకం ఎంత బాగా నడిచినా పక్కన పెట్టేయండి. పుస్తకంలో కాకుండా మీ ఇంట్లోనో, తెలిసినవారి ఇంట్లోనో అటువంటి మనిషి ఉంటే మాత్రం, అతడు చివరి అధ్యాయంలో మారతాడని ఎదురుచూడవద్దు, 181 నంబరుకు ఫోను చేయండి.

ప్రశ్న (సిరొంచ నుంచి ఒక యువ రచయిత): మాంత్రికులు, రాజులు ఉన్న కథ కాబట్టి సంభాషణలు గ్రాంథికంలో ఉండాలని మా మిత్రులు అంటున్నారు. మా తెలుగులో మరాఠీ మాటలు కలుస్తాయి. ఏ భాషలో రాయాలి?

జవాబు: తమ్ముడూ, వాడుక భాష కోసం గిడుగువారు జీవితమంతా పోరాడిన ఈ పర్లాకిమిడిలో కూర్చుని మీకు గ్రాంథికం రాయమని నేను చెప్పలేను. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరానికి వెళ్లిపోయారు గాని, ఆయన మాట ఇక్కడే ఉన్నది. మీ మాంత్రికుడు మీ ఊరి తెలుగే మాట్లాడనివ్వండి, మరాఠీ మాటలతో సహా. ఒక్క సూచన చేస్తాను: అతడు మనుషులతో మాట్లాడేటప్పుడు ఒక భాష, మంత్రంతో మాట్లాడేటప్పుడు మరొక భాష పెట్టుకుని, ప్రేయసితో ఏ భాషలో మాట్లాడాలో తెలియక తడబడే ఒక ఘట్టం రాయండి. రెండు భాషల మధ్య పెరిగిన మనకు ఆ తడబాటు బాగా తెలుసు.

ప్రశ్న (జయపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి): నా నవలలో నాయికా నాయకులు ఇద్దరూ ఎన్నో ద్రోహాలు చేసి చివరకు సింహాసనం గెలుచుకున్నారు. ఇద్దరినీ సుఖంగా ఉంచితే అన్యాయంగా ఉన్నది, ఒకరిని చంపితే అతికించినట్టు ఉన్నది. ఎలా ముగించాలి?

జవాబు: అయ్యా, చంపడం మీకే అతికించినట్టు అనిపించిందంటే అది తేలిక దారి అని మీ మనసుకు తెలుసు. చావు ఇద్దరి లెక్కనూ ఒకేసారి మూసేస్తుంది. మిగిలినవారు ఏడుస్తారు, పాఠకుడు క్షమించేస్తాడు. ఇద్దరినీ బతకనివ్వండి. మీరు పంపిన సంగ్రహం ప్రకారం, మూడో భాగంలో ఆమె అతడి తమ్ముడిని శత్రువులకు అప్పగించింది, ఆ సంగతి అతడికి తెలియదు. అదే భాగంలో ఆమెకు వచ్చిన శాపాన్ని తీయగల మూలికను అతడు కావాలనే పారేశాడు, అది ఆమెకు తెలియదు. ఇంత మంచి సామగ్రిని దగ్గర పెట్టుకుని ఆఖరి నలభై పేజీలు యుద్ధానికి ఖర్చు చేశారు. పట్టాభిషేకం దృశ్యాన్ని పూర్తిగా తీసేయండి. దాని తర్వాతి రాత్రి నుంచి మొదలుపెట్టండి. సేవకులు వెళ్లిపోయారు, కిరీటాలు రెండూ పీట మీద పక్కపక్కన ఉన్నాయి, ఒక్క దీపం ఉన్నది. ఇద్దరిలో ఎవరు ముందు నోరు విప్పుతారో నిర్ణయించుకుని, ఆ ఒక్క వాక్యం రాసి నాకు పంపండి.